ఉంగరం ఖరీదెంత, ఆకు ఖరీదెంత

కిందటి వేసవిలో అమెరికాలో టాంపా అనే ఊళ్లో మా అబ్బాయి నన్నొక సిగార్ల కొట్టుకి తీసుకెళ్లాడు. "నాన్నా, ధర చూడకుండా నీకు నచ్చింది తీసుకో" అన్నాడు. వాడి ప్రేమ వాడిది. కానీ ధర చూడకుండా ఆకు కొనడం నాకు చేతకాదు. ఇరవై తొమ్మిదేళ్లు జంగారెడ్డిగూడెం వైపు ఒక పొగాకు కంపెనీలో గ్రేడరుగా చేసినవాణ్ణి. బేలు విప్పడం, ఆకు చేతిలోకి తీసుకుని సాగదీసి చూడడం, ముక్కు దగ్గర పెట్టుకోవడం, ఇది ఫలానా రకం, ఫలానా ధర అని చెప్పడం. మా ఇంట్లో అన్నం ఉడికింది ఆ పని మీదే.

కొట్టు లోపల ఒక అద్దాల గది. అందులో గాలి చల్లగా, కాస్త తేమగా ఉంది. గోడలన్నీ సెడార్ చెక్క. కంటికి ఎదురుగా ఉన్న అరల్లో సిగార్లన్నిటికీ నడుముకి బంగారు రంగు కాగితపు ఉంగరాలు. ఒకటి పద్ధెనిమిది డాలర్లు, పక్కది ఇరవై ఆరు. నా చూపు అలవాటు కొద్దీ నేల వైపు పోయింది. మార్కెట్లో ఏ సరుకైనా బేరం ఉండేది కింది అరలోనే కదా. అక్కడ ఉంగరాల్లేని సిగార్లు ఇరవయ్యేసి చొప్పున కట్టలు కట్టి, పైన పల్చటి పారదర్శక కాగితం చుట్టి పడేసి ఉన్నాయి. కట్ట నలభై అయిదు డాలర్లు.

నేల మీద చతికిలబడ్డాను. మా వాడు సిగ్గుతో అటు తిరిగాడు.

ఒక కట్ట విప్పించి చూశాను. కాలే వైపు కొసలో లోపలి ఆకు పొడవుగా మడతలు మడతలుగా కనిపించింది, తరుగు కాదు. రెండు వేళ్ల మధ్య పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా నొక్కుకుంటూ వచ్చాను. ఎక్కడా డొల్ల లేదు, గట్టిపడ్డ ముద్దా లేదు. పై ఆకు రంగు మాత్రం ఒక్కో దానికి ఒక్కో తీరు. ఒకదాని మీద నీటి బొట్టు పడిన మచ్చ, ఇంకోదాని మీద ఈనె కాస్త లావుగా తేలింది. అంతే వాటి పాపం. బట్టల మిల్లుల 'సెకండ్స్' గుడ్డలు ఎరిగినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. నేత బాగుంటుంది, అంచులో ఒక పోగు తప్పుతుంది, ధర సగానికి దిగుతుంది. సిగార్ల ఫ్యాక్టరీల్లోనూ అదే. పెట్టెలో పక్కపక్కన పేర్చినప్పుడు రంగు కలవనివాటిని ఉంగరం తొడగకుండా కట్టలు కట్టి అమ్మేస్తారు. ఆ కట్ట నికరాగువాది. ఒకటి రెండొందల రూపాయల లోపే పడింది.

"ఇంత దూరం వచ్చి చవకబారుది కొన్నావేంటి నాన్నా" అన్నాడు కారెక్కాక.

చవకకీ చవకబారుకీ తేడా ఉంది. ఆ తేడా నాకు చెప్పినవాడు మా నాన్న. రాజమండ్రిలో ఒక చిన్న ఇంటి అరుగు మీద ఆయన చుట్టలు చుట్టేవాడు. చుట్టడానికి ముందురోజు రాత్రి ఆకు మీద నీళ్లు చిలకరించి గోనె కప్పేవాడు. పొద్దున్నే ఈనె చీల్చి, లోపలికి పెట్టేది ఒక పక్క, పైన చుట్టేది ఒక పక్క వేసేవాడు. చిరుగులేని ఆకు, ఈనెలు పల్చగా ఉన్న ఆకు పైకి. మిగిలింది లోపలికి. రంగు కోసం ఎవరూ ఆయన దగ్గరికి రాలేదు. నిప్పు ఆరకుండా, వంకరగా కాలకుండా, నాలుక మండించకుండా ఉంటే అది మంచి చుట్ట. కట్ట కొన్నవాడు మళ్లీ వారం వచ్చాడంటే అదే ఆయనకి సర్టిఫికెట్టు.

మన చుట్టకి ప్రపంచం ఒకప్పుడు ఎంత మర్యాద ఇచ్చిందో చాలామందికి తెలియదు. షెర్లాక్ హోమ్స్ నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్' 1890లో వచ్చింది. అందులో హోమ్స్ తాను పొగాకు బూడిదల మీద రాసిన పుస్తకం గురించి గొప్పలు పోతూ, హంతకుడు కాల్చింది ఇండియా 'లుంకా' అని తేలితే వెతకాల్సిన జనం ఎంత తగ్గిపోతారో వాట్సన్‌కి చెబుతాడు. ఆ లుంకా మరేదో కాదు, మన గోదావరి లంక. 1886లో అచ్చయిన 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువులో ఆ మాటకి అర్థం ఉంది: గోదావరి డెల్టాలోని లంకల్లో పండిన ఆకుతో చేసే ఘాటైన చుట్ట, మద్రాసు ప్రెసిడెన్సీలో దానికి మంచి గిరాకీ అని. లండన్ డిటెక్టివు బూడిద చూసి గుర్తుపట్టే సరుకు ధవళేశ్వరం అవతల ఒండ్రు మట్టిలో పెరిగింది. ఇంగ్లీషువాళ్ల 'చెరూట్' కూడా తమిళుల 'సురుట్టు' లోంచి పుట్టిందే. చుట్టడం మనది, పేరు మనది.

ఇక 'కన్యాశుల్కం'లో గిరీశం సంగతి చెప్పాలా? అంత గొప్ప గురువు దగ్గర తనకి అబ్బిందల్లా చుట్ట కాల్చడమేనని శిష్యుడు వెంకటేశమే మొహం మీద చెబుతాడు.

లంక ఆకు పండే తీరే వేరు. వరద తీసిన లంకలో ఏటా కొత్త ఒండ్రు. అక్టోబరు, నవంబరుల్లో నారు నాటుతారు, శివరాత్రి చుట్టుపక్కల ఆకు కోతకొస్తుంది. నేను ఉద్యోగం చేసిన వర్జీనియా ఆకులా బ్యారన్‌లో పెట్టి కింద మంట వేసి నాలుగైదు రోజుల్లో పసుపు రంగుకి తేవడం ఉండదు. గాలికీ నీడకీ మెల్లగా ఆరాలి. ఆరాక కుప్ప వేయాలి. కుప్ప లోపల వేడి పుడుతుంది, చెయ్యి పెడితే కాలుతుంది. తిరగేసి మళ్లీ వేయాలి. ఆ మగ్గడంలో ముక్కుని పొడిచే అమ్మోనియా వాసన కొంచెం కొంచెంగా పోయి, ఆకు నల్లబడి, బెల్లం పాకం లాంటి వాసనకి వస్తుంది. క్యూబాలో ఐనా, నికరాగువాలోని ఎస్తెలీలో ఐనా చేసే పని ఇదే. కాకపోతే వాళ్లు నెలలు, ఏళ్ల తరబడి ఉంచుతారు. సిగారు ధరలో మీరు కొంటున్నది చాలావరకు ఆ కాలాన్నే. గోదాముకి అద్దె, డబ్బుకి వడ్డీ, పాడైపోయిన బేళ్ల నష్టం, అన్నీ ఆ ఆకు మీదే కూర్చుంటాయి.

సరసమైన ధరలో మంచి సిగారు కావాలన్నవాళ్లకి నేను చెప్పే కిటుకు ఇందులోనే ఉంది. ఆకు మంచిదై, చుట్టడం మంచిదై, మగ్గడం ఒక్కటే తక్కువైన సరుకు దొరికితే తీసుకోండి. ఆ తక్కువైన కాలాన్ని మనమే కలుపుకోవచ్చు. అమెరికా నుంచి తెచ్చిన ఆ కట్టలో మొదటిది వెంటనే ముట్టించాను. గొంతు పట్టేసింది, వెనక ఎక్కడో చేదు. మిగతా పంతొమ్మిదీ బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, తేమని ఒకే స్థాయిలో నిలిపే ఉప్పు ద్రావణం పొట్లం ఒకటి పడేసి, మంచం కింద పెట్టాను. తేమ అరవై అయిదు, డెబ్బై శాతం మధ్య ఉండాలి. చెక్క పెట్టె, ఇత్తడి గడియారం లాంటి మీటరు, వాటికి పోసే వేలు, ఇవన్నీ షోకు. ఆరు నెలలయ్యాక తీసి ముట్టించాను. అదే సిగారు అంటే నేనే నమ్మలేదు.

గోదావరి జిల్లాల్లో డబ్బాకి శత్రువు పొడి గాలి కాదు, పురుగు. పొగాకు పురుగు గుడ్లు ఆకులోనే ఉంటాయి. ఎండ ముదిరితే అవి పగిలి, పురుగులు సూదితో గుచ్చినట్టు బెజ్జాలు వేసుకుంటూ బయటికొస్తాయి. తెచ్చిన రోజే కట్టని కవర్లో బిగించి మూడు నాలుగు రోజులు ఫ్రీజర్లో పెట్టి, తర్వాత ఒక రోజు ఫ్రిజ్ కింది అరలో ఉంచి బయటికి తీయాలి. మా కోడలు అమెరికాలోనే ఆ పని చేయించింది. "మావయ్యగారూ, ఐస్‌క్రీం పక్కన ఇదేంటండీ" అని రెండు రోజులు నవ్వింది గానీ, తీసి పారేయలేదు.

విదేశం నుంచి వచ్చేవాళ్లు ఒక్కొక్కరు ఇరవై అయిదు సిగార్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. నా కట్టలో ఇరవై. లెక్క చూసుకునే కొన్నాను.

అసలు మోసం పై అరలో ఉంటుంది. మా వియ్యంకుడు హైదరాబాదులో ఎవరో పరిచయస్తుడి ద్వారా ఒక పెట్టె కొన్నాడు. కోహీబా అని పేరు, పైన గాజు మూత, లోపల పాతిక సిగార్లు. "బావగారూ, సాక్షాత్తూ క్యూబా నుంచి వచ్చింది, ఎనిమిది వేలకే ఇచ్చాడు" అన్నాడు. క్యూబావాళ్లు కోహీబాని గాజు మూత పెట్టెలో పెట్టరు. ఆ మాట ఆయనతో అనలేక ఒకటి తీసుకుని ఇంటికొచ్చి, బ్లేడుతో నిలువునా కోశాను. లోపల తరుగు, తరుగులో ఈనె ముక్కలు, వాటి మధ్య ఒక దారం పోగు. ఉంగరం మాత్రం ఎంత అందంగా అచ్చు వేశారో. ఎనిమిది వేలలో ఏడువేల తొమ్మిదొందలు ఆ ఉంగరానివే.

క్యూబా అనగానే ఇంత ఆత్రం ఎందుకంటే, అందులో సగం అమెరికా పెట్టిన నిషేధం పుణ్యమే. 1962లో క్యూబాతో వ్యాపారం ఆపేస్తూ సంతకం పెట్టబోయే ముందు అధ్యక్షుడు కెన్నెడీ తన పత్రికా కార్యదర్శి సాలింజర్‌ని పిలిచి, పొద్దుటికల్లా తనకిష్టమైన చిన్న సైజు ఉప్‌మన్ సిగార్లు వెయ్యి తెమ్మన్నాడు. పన్నెండొందలు దొరికాయి. అవి చేతికొచ్చాకే సంతకం పెట్టాడు. ఈ కథ సాలింజరే చెప్పుకున్నాడు. దేశానికి తలుపు మూసేవాడు కూడా ముందు తన డబ్బా నింపుకున్నాడన్నమాట.

ఆ టాంపాలో ఈబోర్ సిటీ అని ఒక పేట ఉంది. విసెంతే మార్తినెజ్ ఈబోర్ అనే పెద్దమనిషి 1885లో అక్కడ స్థలం కొని ఫ్యాక్టరీ పెడితే క్యూబా నుంచి, స్పెయిన్ నుంచి, ఇటలీ నుంచి కూలీలు వచ్చి చేరారు. ఇప్పటికీ ఆ వీధుల్లో కోళ్లు తిరుగుతుంటాయి, ఎవరూ అదిలించరు. 1910లో కట్టిన, గడియారం బురుజున్న సిగార్ల ఫ్యాక్టరీ ఒక్కటే ఇంకా పనిచేస్తోంది. వెళ్లి చూశాను. నాకు నచ్చింది యంత్రాలు కాదు, ఒక పాత ఫోటో. బల్లల వరసల్లో కూర్చుని వందలమంది సిగార్లు చుడుతుంటే, ఎత్తయిన పీట మీద ఒకాయన కూర్చుని పుస్తకం చదువుతున్నాడు. ఆయనకి జీతం యజమాని ఇవ్వడు, చుట్టేవాళ్లే తలా కొంచెం వేసుకుని ఇస్తారు. పొద్దున్న వార్తాపత్రిక, మధ్యాహ్నం నవల. మాంటెక్రిస్టో అన్న సిగారు పేరు అలా చదివిన నవల నుంచి వచ్చిందే అంటారు. ఈ చదివేవాళ్లు జనాన్ని రెచ్చగొడుతున్నారని 1931లో యజమానులు వాళ్లని దించేసి రేడియో పెట్టారు. మా నాన్న అరుగు మీద కూడా రేడియోనే మోగేది. ప్రాంతీయ వార్తలకి చేతులు కాస్త నెమ్మదించేవి.

ఇప్పుడు అసలు నా ఫిర్యాదుకి వస్తాను. 2017లో జీఎస్‌టీ వచ్చినప్పుడు దాని మీద పరిహార సెస్సు అని ఒకటి వేశారు. ఆ జాబితాలో సిగారు, చుట్ట రెండూ ఒకే పంక్తిలో ఉండేవి: ధర మీద 21 శాతం, లేదా వెయ్యింటికి 4,170 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. చూడ్డానికి ధర్మంగానే ఉంది. లెక్క కట్టి చూడండి. పదిహేను వందల రూపాయల విదేశీ సిగారుకి 21 శాతం అంటే 315 రూపాయలు. మూడు రూపాయల చుట్టకి 21 శాతం అంటే 63 పైసలు. కానీ 'ఏది ఎక్కువైతే అది' కాబట్టి నాలుగు రూపాయల పదిహేడు పైసలు. అంటే నూటికి నూట ముప్పై తొమ్మిది. పైన అప్పటి 28 శాతం జీఎస్‌టీ వేరే. బీడీకి ఆ సెస్సు వేయలేదు. తర్వాత పన్నుల అంకెలు మారుతూ వచ్చాయి గానీ, పన్నుల పట్టికలో క్యూబా సిగారూ రాజమండ్రి చుట్టా ఒకే గదిలో కాపురం చేయడం మారలేదు.

మా పేటలో చుట్టేవాళ్లు ఆ జాబితా ఎప్పుడూ చూడలేదు, నిజమే. అరుగు మీద చుట్టి కిళ్లీ కొట్లకి వేసేవాడిని ఎవరూ అడగరు. కానీ ఎవరైనా కుర్రాడు ముందుకొచ్చి మంచి లంక ఆకు తెచ్చి, ఏడాది మగ్గబెట్టి, చక్కగా ప్యాకెట్టు కట్టి, ఊరు పేరు వేసి నిజాయతీగా అమ్ముదామనుకుంటే మొదట తగిలే గోడ అదే. చట్టానికి దొరకనివాడు బతుకుతాడు, దొరుకుదామనుకున్నవాడు చితికిపోతాడు. రైతు సంగతీ అంతే. గుంటూరులో 1976లో పెట్టిన పొగాకు బోర్డు వేలం వేసేది వర్జీనియా ఆకుని. లంక ఆకు రైతు దళారి చెప్పిన ధరకి తలూపాలి. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పెట్టారు. దాని గేటుకి రెండు మైళ్ల దూరంలో మంచి చుట్ట కావాలంటే ఎవరిని అడగాలో నాలాంటి ముసలాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు.

పొగాకుని పొగుడుతున్నాడేంటి ఈయన అని కొందరు ఈపాటికే అనుకుంటూ ఉంటారు. మా అమ్మమ్మది శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు. అక్కడి ఆడవాళ్లలాగే ఆవిడ అడ్డపొగ తాగేది, నిప్పు కొస నోట్లో పెట్టుకుని. గాలికి చుట్ట ఆరదు, నుసి బట్టల మీద పడదు, నీళ్ల కుండ ఎత్తుకున్నా పని ఆగదు. చిన్నప్పుడు నాకు అదొక గారడీ. "నోరు తెరు అమ్మమ్మా" అని అడిగి మరీ చూసేవాణ్ణి. అంగిలి మీద తెల్లటి పొక్కులు, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. అది జబ్బని మాకెవరికీ తెలియదు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా తదితర డాక్టర్లు మన రాష్ట్రంలో 10,169 మంది పల్లెవాళ్ల నోళ్లు చూసి, అడ్డపొగకీ అంగిలి మీద పుట్టే మార్పులకీ సంబంధాన్ని అచ్చులో పెట్టారు. మా అమ్మమ్మ చివరి ఏడాది గంజి కూడా మింగలేకపోయింది.

సిగారు పొగ గుండెల దాకా పీల్చం కదా, ఏం కాదు అనేవాళ్లని చాలామందిని చూశాను. ఇలా గాలికి ఆరిన ఆకు పొగ క్షార గుణంది. అందులోని నికోటిన్ లోపలికి పోవడానికి ఊపిరితిత్తులతో పనిలేదు, నోటి చర్మంలోంచే దిగుతుంది. పెద్ద సిగారు ఒకదాంట్లో సిగరెట్ ప్యాకెట్టంత పొగాకు ఉండొచ్చు. నేను ఆదివారం సాయంత్రం ఒకటి, అదీ సగం. ఇది నా నియమం, ఎవరికీ సలహా కాదు. తాగనివాడు మొదలు పెట్టడానికి ఈ వ్యాసంలో ఒక్క కారణం కూడా నేను ఇవ్వలేదనే అనుకుంటున్నాను.

నేను అడిగేది ఒకటే. సిగరెట్ ప్యాకెట్టు మీద 2016 నుంచి 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉంటోంది. కిళ్లీ కొట్టులో రబ్బరు బ్యాండు వేసి అమ్మే చుట్టల కట్ట మీద నేను ఏ బొమ్మా చూడలేదు, ఏ పేరూ చూడలేదు. ఆకు ఏ ఏటిదో, ఎవరు చుట్టారో, ఎక్కడ పండిందో ఉండదు. చుట్టకి పన్నుల్లో వేరే పంక్తి ఇవ్వండి. ఇచ్చి, ప్యాకెట్టులోకి రప్పించండి. ప్యాకెట్టు మీద లంక పేరు వేయించండి, మా అమ్మమ్మ అంగిలి లాంటి బొమ్మా వేయించండి. మంచి సరుకు గుర్తుపట్టే హక్కు, అది చేసే చెడు తెలుసుకునే హక్కు మూడు రూపాయలు పెట్టేవాడికీ ఉండాలి. పద్ధెనిమిది డాలర్లు పెట్టేవాడికి రెండూ ఎలాగూ ఉన్నాయి.

మొన్న సంక్రాంతికి ముందు ఆ నికరాగువా సిగార్లలో ఒకటి జేబులో పెట్టుకుని మా నాన్న దగ్గర పని నేర్చుకున్న పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఎనభై దాటాయి, ఇంకా రోజుకి వంద చుడతాడు. ముట్టిస్తాడనుకున్నాను. ఆయన గోరుతో పై ఆకు కొస లేపి, ఉల్లిపాయ పొర తీసినట్టు మెల్లగా విప్పేశాడు. లోపలి ఆకుల్ని ఒక్కొక్కటీ చాప మీద పరిచాడు. ఒకదాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు, ఒకదాన్ని కొస కొరికి నమిలి ఉమ్మాడు.

"బాబూ, ఇది రెండేళ్లు దాచిన ఆకు. చుట్టినోడు కూడా తొందరపడలేదు. ఎంత?"

చెప్పాను. తల ఊపాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. చాప మీద ఆకుల్ని మళ్లీ పోగేసి, తన దగ్గరున్న లంక ఆకు ఒకటి పైన చుట్టి, జిగురు రాసి, నా చేతిలో పెట్టాడు.

"ఇంతకీ ఏ లంకదయ్యా లోపలిది?"

అలవాటుగా ఉంగరం కోసం నడుము దగ్గర వేలు పెట్టి తిప్పాను. కింది అరలోది కదా, దానికి ఉంగరం లేదు.